చెవులపిల్లుల పరుపు

మార్కండేయులు చేతులు ఊరుకునే రకం కావు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపిన మనిషి. ఆ పవర్‌లూమ్‌ల మీద దారం పుటుక్కుమంటే చాలు, పక్కవాడు చూసేలోపు ముడి వేసేవాడు. ఆర్డర్లు లేక ఆసామి సాంచాలను పాత ఇనుము కింద అమ్మేశాక ఆ చేతులకు పనే లేకుండా పోయింది. గంభీరావుపేట దగ్గర ఓదెలు అనే రైతు కందిచేనులో పగటిపూట కోతుల కావలికి కుదిరాడు. వడిసెల తిప్పడం రాదు, అరవబోతే దగ్గు. కోతులు కూడా ఆయన్ను మనిషి కింద లెక్కవేసేవి కావు.

పుష్యమాసంలో ఒక పొద్దున గట్టు మీది గడ్డిలో రెండు చెవులపిల్లి కూనలు కనిపించాయి. పిడికెడంత కుందేటి పిల్లలు. చెవులు వీపుకు అతికించి, కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని, ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చున్నాయి. గడ్డి నిండా మంచు. తల్లి జాడ లేదు. ఆయన ప్రాణం ఉసూరుమంది.

ఓదెలు వచ్చి చూసి ముట్టొద్దన్నాడు. "పొద్దంత తల్లి దగ్గరుంటె నక్క వాసన వడ్తదన్నా. పొద్దూకినంక అచ్చి పాలిచ్చి పోతది. పెయిమీది బొచ్చే ఆటికి గొంగడి."

మార్కండేయులు విన్నట్టే తల ఊపాడు. వినలేదు. ఊరందరికీ బట్ట నేసినవాడు, చలికి ముడుచుకున్న పిల్లల్ని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడమా? తన సాంచా మీది ఆఖరి పాలిస్టర్ దారాన్ని ఇంట్లో ఒక సంచిలో దాచుకున్నాడు. ఎందుకని భార్య లసుమవ్వ అడిగితే సంచిని ఇంకాస్త లోపలికి నెట్టేవాడు. మర్నాడు ఆ సంచి చంకన పెట్టుకుని బయలుదేరుతుంటే, దేవుడిచ్చిన బొచ్చుకంటే నీ దారం ఎక్కువనా అని ఆవిడ గొణిగింది.

చేనుకు పోయి దారాన్ని మెత్తగా విప్పి, కూనల కింద, చుట్టూ పరుపులా సర్దాడు. అవి అందులోకి ఒదిగాయి. ఆ రోజంతా ఆయనకు ఆకలి తెలియలేదు. సాంచాలు ఆగాక తన చేతిపని ఒక ప్రాణికి అక్కరకు రావడం అదే మొదలు. ఇంటికొచ్చి ఆ ముచ్చటే చెప్పుకుని చెప్పుకుని నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు గదా అని లసుమవ్వ కూడా నవ్వింది, పాపం.

తెల్లారి వెళ్లేసరికి ఒక కూన మెడకు దారం బిగిసి చచ్చిపోయి ఉంది. రెండోది కాళ్లకు చుట్టుకున్న దారంలో గింజుకుని గింజుకుని సొలసిపోయింది. చుట్టూ గడ్డి అణిగి ఉంది. తల్లి వచ్చింది. దారాన్ని కొరికింది కూడా. కొరికినచోట పోగులు చిట్లాయి గానీ తెగలేదు.

మార్కండేయులు మిగిలిన నాలుగు పళ్లతో పట్టి లాగాడు. చివరికి కొడవలి మొనతో కోసి, ఆ కూనను చొక్కా లోపల పొట్టకు హత్తుకుని కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. ఓదెలు వచ్చేసరికి అది కూడా చల్లబడింది.

ఓదెలు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ముప్పై ఏండ్లు దారం తెగొద్దని మొక్కిన తమ్మీ," అన్నాడు మార్కండేయులు. "గిన్నాళ్లకు ఇన్నడు దేవుడు."

కందిచేనులోకి కోతులు దిగాయి. వాటిని తోలడానికి ఓదెలే పోయాడు.