కంటి ఉప్పుకు సుంకం

పొద్దు పొడవగానే జద్వాన్ కంచరగాడిదెక్కి జబ్బూల్ చెరువు చుట్టూ తిరిగి రావాలి. ఎండాకాలంలో ఆ చెరువు నీరింకి, కనుచూపు మేరా తెల్లటి ఉప్పుపొర కడుతుంది. అందులో పిడికెడైనా సర్కారు తూకం దాటకుండా బయటికి పోకూడదు. అందుకే అతని కాపలా. పిడకలేరుకొచ్చే ఆడవాళ్ళ గంపలు దింపించి చూసేవాడు. గొర్రెల కాపరుల తోలుసంచులు తడిమేవాడు. వాళ్ళు తిట్టుకుంటుంటే విననట్టే ఉండేవాడు.

"మీ తాత ఇక్కణ్ణించి బస్తాలకెత్తి తీసుకుపోయేవాడురా, అడిగినవాడు లేడు. మనవడివి నువ్వేమో నా చేతిసంచి దులుపుతున్నావు" అనేది ఉమ్ ఖలఫ్ అనే ముసలమ్మ.

"సుల్తాను పరదేశపు షావుకార్ల దగ్గర అప్పు చేశాడు కదా పెద్దమ్మా. ఉప్పు మీదా పొగాకు మీదా సారా మీదా వచ్చే సుంకం వాళ్ళకి రాసిచ్చేశాడు."

"అప్పు ఆయన చేస్తే చప్పిడి రొట్టె నేను తినాలా?"

జద్వాన్ ఆమె సంచి తిరిగిచ్చేసి కంచరగాడిదని ముందుకి తోలేవాడు. అయినా ఆ వేసవిలో అతని బెంగ చెరువు గురించి కాదు, ఇంటి గురించి.

చలికాలం చివర్లో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నౌఫా జ్వరంతో పోయింది. అప్పట్నుంచీ అతని భార్య షమ్సా ఏడిస్తే కన్నీళ్ళు చెంప దిగేలోపే గట్టిపడి, ఉప్పుగళ్ళై రాలేవి. పిండి కలుపుతుంటే పిండిలో రాలేవి, ఇల్లూడుస్తుంటే చీపురు ముందు రాలేవి. ఊళ్ళో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు. "షమ్సా ఉప్పు కాస్త ఘాటు, చూసి వేసుకో" అని ఒకరికొకరు చెప్పుకుని గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు. ఆమె ఎవర్నీ కాదనేది కాదు.

జద్వాన్‌ని మాత్రం భయం పట్టుకుంది. సుంకం కట్టని ఉప్పు కాపలావాడి ఇంట్లోనే పోగుపడుతోంది! పొరుగూరి కాపలావాణ్ణి ఓ చిన్న మూట దొరికినందుకే సంకెళ్ళు వేసి అలెప్పో పట్నం దాకా నడిపించారు. అతను గళ్ళన్నీ ఊడ్చి ఇంటి వెనక పాతిపెట్టేవాడు. మర్నాటికి అక్కడి నేల తెల్లగా పొంగేది. దారిన గుర్రం సకిలిస్తే చాలు, పరుగెత్తి వెళ్ళి తలుపు మూసేవాడు.

"కొన్నాళ్ళు ఏడవకుండా ఉండలేవూ?" అని బతిమాలాడు ఒకరోజు.

"ఉండగలిగితే ఉండనా? నువ్వొక్కసారైనా ఏడ్చావా, అబూ నౌఫా? నీ వంతు కూడా నేనే ఏడుస్తున్నాను."

అబూ నౌఫా అంటే నౌఫా నాన్న, ఊరంతా అతన్ని అలాగే పిలిచేది. అతను లేచి బయటికెళ్ళిపోయాడు.

ఆ భయం ఓ మధ్యాహ్నం నిజమైంది. తనిఖీ అధికారి సిర్రీ ఎఫెందీ కబురైనా లేకుండా గుమస్తాని వెంటబెట్టుకుని దిగాడు. చెరువు చూశాక ఊళ్ళోకి దారితీశాడు. వెనకే నడుస్తున్న జద్వాన్‌కి దూరం నుంచే తన ఇల్లు కనిపించింది. వాకిట్లో ఊరి గొర్రెలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గడప నాకుతున్నాయి. కాపరి మట్టిగడ్డలు విసురుతున్నా కదలడంలేదు.

"అబూ నౌఫా, వచ్చావా! నీ గడపకి ఏం పూశావయ్యా, నా మంద చెడిపోయింది!" అని అరిచాడు కాపరి.

"ఎవరిదా ఇల్లు?" అన్నాడు ఎఫెందీ.

"నాదేనండీ." అన్నాడు జద్వాన్.

లోపల షమ్సా తిరగలి ముందు కూర్చుని ఉంది. ఆమె చుట్టూ తెల్లగా రాలి ఉంది. ఎఫెందీ ఓ గల్లు నాలుక మీద వేసుకున్నాడు.

"చెరువుది కాదిది. ఎక్కడిదమ్మా?"

"నా కళ్ళదండీ."

నీళ్ళు బావివని చెబితే విన్నంత మామూలుగా తలూపాడాయన. "ఓడలో వచ్చుంటే రేవులోనే పన్ను వేసేవాళ్ళు. ఈ నేల మీద తయారైనదానికి తయారైన చోటే సుంకం. చెరువులో పుట్టిందా, కంట్లో పుట్టిందా అని చట్టం అడగదు."

"మా ఇంట్లోకే వాడుకుంటే...?" అన్నాడు జద్వాన్.

"ఊరంతా వాడుకుంటోంది, ఆ గొర్రెలతో సహా. అనుమతి లేకుండా తయారుచేయడం ఒక నేరం, దాచడం ఇంకొకటి. ఈమెని మా గోదాముకి తీసుకెళ్తాం. ఇకమీదట ఏడ్చేదేదో అక్కడే, మా మనుషుల ముందు ఏడవాలి. ముందు ఇది తూచండి."

షమ్సా తిరగలి పిడి వదల్లేదు. గుమస్తా ఉప్పంతా ఊడ్చి తక్కెడలో పోశాడు. తక్కెడ పట్టుకోవడం కాపలావాడి పని, అందుకని జద్వానే పట్టుకున్నాడు.

"బయట నిన్ను అబూ నౌఫా అన్నారే. ఆ నౌఫా ఎక్కడ? ఆవిడా ఏడుస్తుందా? ఈ ఇంట్లో ఏడ్చేవాళ్ళందరి పేర్లూ రాసుకోవాలి" అన్నాడు ఎఫెందీ.

"నౌఫా..." అన్నాడు జద్వాన్.

కూతురు పోయాక ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు. అతను నిలబడ్డచోటే వెక్కి వెక్కి ఏడ్చాడు. అతని కన్నీళ్ళు గట్టిపడలేదు. ధారగా తక్కెడలోకి కారాయి. ఉప్పు కరిగి పళ్ళెం అంచుల మీంచి జారి నేలలోకి ఇంకిపోయింది. మూలనున్న కుండలోదీ కరిగింది, గోడల పగుళ్ళలోదీ కరిగింది. వాకిట్లో గొర్రెలు గడపని ఒకసారి వాసన చూసి, తలలు తిప్పుకుని వెళ్ళిపోయాయి.

తక్కెడ ఊగడం ఆగేదాకా ఎఫెందీ ఓపిగ్గా చూశాడు.

"నీళ్ళకి సుంకం లేదు" అన్నాడు చివరికి. గుమస్తాకి తక్కెడ సర్దమని సైగ చేశాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. "ఆ బిళ్ళ ఇటివ్వు. కాపలాకి ఇంకొకణ్ణి చూసుకుంటాం."

జద్వాన్ నడుముకున్న ఇత్తడి బిళ్ళ ఊడదీసి ఇచ్చేశాడు. రేపట్నుంచి ఏం తింటామన్న ఆలోచన కూడా రాలేదతనికి. గుర్రాలు కదిలిన చప్పుడయ్యాక షమ్సా వచ్చి పక్కన కూర్చుంది. తన ముసుగు కొంగుతో అతని ముఖం తుడిచింది.

"నౌఫా పోయిన రోజు నేను నీళ్ళకెళ్ళినప్పుడు దాని దగ్గర నువ్వే ఉన్నావు. ఏమన్నా అందా?"

"ఎండు అంజూరం అడిగింది" అన్నాడు జద్వాన్. "కాపలాకి వేళవుతోంది, సాయంత్రం తెస్తాలే అన్నాను."

షమ్సా అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ చేతి మీద పడ్డది వెచ్చగా, తడిగా ఉంది.