కేంద్రం నుంచి ఫోన్

నాకు నోరెక్కువ. మా ఆయన బతికున్నన్నాళ్ళూ అదే అనేవాడు. కష్టాల్లో ఉన్న ఆడవాళ్ళకు సాయపడే ఆసరా కేంద్రంలో చేరాక వాళ్ళూ అదే అన్నారు, కాకపోతే కాస్త ముద్దుగా: రేడియో పిన్ని. రిటైరయ్యాక ఇంట్లో గోడలతో మాట్లాడలేక వారానికి నాలుగు రోజులు అక్కడ జీతం లేకుండా పనిచేసేదాన్ని. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఫారం నింపడం నా పని. రానివాళ్ళకు ఫోన్ చేసి కనుక్కోవడం నా అంతట నేనే నెత్తికెత్తుకున్నాను.

ఫారానికి రెండు పేజీలు. మొదటిదాంట్లో పేరు, నంబరు, ఏం సాయం కావాలి. రెండోదాంట్లో, ఇంట్లో ఎవరివల్లయినా భయం ఉందా, ఫోన్ చేయవచ్చా, వేరేవాళ్ళు ఎత్తితే ఏం చెప్పాలి. ఆ రెండో పేజీ అంటే నాకు ఒళ్ళుమంట. గడప తొక్కీ తొక్కగానే పోలీసుల్లా ఆ ఆరాలేమిటి? కేంద్రం నడిపే పెద్దక్కతో దీని మీద ఎన్నిసార్లు వాదించానో. "అడిగి తీరాలి పిన్నీ" అనేది ఆవిడ. సరే సరే అనేదాన్ని.

ఆ అమ్మాయి వర్షంలో వచ్చింది, ఆరేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని. ఊరికి అటు చివర ఒక గది, పాపకు అక్కడి బడిలో సీటు కావాలంది. ఇల్లు మారుతున్నారు కాబోలనుకున్నాను. మొదటి పేజీ రాశాను.

"ఇంకేమైనా రాయాలా పిన్నీ?" అంది, కాగితం వైపే చూస్తూ.

"అబ్బే, ఏం వద్దులే. ముందు టీ తాగు, చల్లారిపోతోంది."

ఆమె ఏదో చెప్పబోయి ఆగి, కప్పు అందుకుంది. అది నేను చూశాను. చూసి కూడా, పాపకు బిస్కెట్లు తేవడానికి లేచాను.

మూడు వారాలు తిరిగింది. గది దొరికింది, సీటు ఖాయమైంది, శుక్రవారం సంతకాలు. ఆ కబురు నేనే చెప్పాలని నాకు ఒకటే ఉబలాటం. గురువారం పొద్దున ఆమె చెప్పిన వేళకు రాలేదు. కాసేపు ఆగితే నా సొమ్మేం పోయేది? ఫోన్ చేశాను.

మగ గొంతు. "చెప్పండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

చెప్పాను. గది ఏ వీధిలోనో చెప్పాను, ఏ బడో చెప్పాను, రేపే సంతకాలని చెప్పాను. మీ పాప బంగారు తల్లండీ అని కూడా అన్నాను. పెట్టేశాక, మొగుడంటే అలా ఓపిగ్గా వినాలి అని వంటావిడతో అన్నాను. నా నోరు పడిపోను!

మధ్యాహ్నం మూడింటికి ఆ అమ్మాయి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. పొద్దున పనిలో ఆలస్యమైందట, అంతే. పన్నెండింటికే అతను బడికెళ్ళి పాపను తీసుకుపోయాడట. ఇంటికి తాళం. ఉన్న ఒక్క ఫోనూ అతని దగ్గరే, స్విచాఫ్.

పెద్దక్క ఫైలు తీసింది, కాగితం తిప్పి ఖాళీ పేజీ చూసింది, మూసేసింది. ముగ్గురం స్టేషనుకు వెళ్ళాం.

"కన్నతండ్రే కదమ్మా తీసుకెళ్ళింది. దానికింత గోలేంటి?" అన్నాడు అక్కడాయన.

ఆ అమ్మాయి చేతులమీది బట్ట పైకి జరిపి వాతలు చూపించింది. అప్పుడు రాసుకున్నాడు.

ఐదు నెలలైంది. చుట్టాల ఇళ్ళు, బస్టాండ్లు, బడులు, ఏదీ వదల్లేదు. ఆమె ఇప్పుడు కేంద్రంలోనే ఉంటోంది. నన్ను తిట్టదు. తిడితే బాగుండును, కొట్టినా పడి ఉందును. రోజూ నా పని అయ్యేదాకా ఆగి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటుంది.

"ఇంకోసారి గుర్తు తెచ్చుకోండి పిన్నీ. ఏ ఊరి పేరైనా అన్నాడేమో. ఎవరి పేరైనా."

"'చెప్పండి' అన్నాడమ్మా."

"తర్వాత?"

"తర్వాత అంతా నేనే మాట్లాడాను."