అయిదో ఏటి సాక్ష్యం

పెళ్లయి నలభై రోజులైన ప్రీతికి ఆ శనివారం ప్రతిదీ ముద్దొచ్చింది. హనుమకొండలో బయల్దేరిన చర్చి బస్సు, ఒళ్లో వెచ్చవెచ్చగా బగారన్నం డబ్బా, అరచేతుల్లో ఇంకా పూర్తిగా పోని గోరింటాకు, ఫోనులో నిమిషానికో బొమ్మ పంపే భర్త కిరణ్.

అత్తగారు మరియమ్మ రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడి అయిదేళ్లు నిండాయి. క్యాన్సర్‌ని గెలిచినవాళ్లూ, ఇంకా పోరాడుతున్నవాళ్లూ ఏటా ఒకరోజు ధర్మసాగర్ చెరువుకట్ట మీద కలిసి భోంచేస్తారు. అయిదేళ్లు నిండినవాళ్లు అక్కడ లేచి, దేవుడు తమను పూర్తిగా బాగుచేశాడని సాక్ష్యం చెప్పాలి. ఆ మాట కోసమే కొత్తవాళ్లు వస్తారు.

సీట్లు ఖాళీగా ఉన్నా మరియమ్మ దారి పొడుగునా కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.

"అత్తమ్మా, జర కూసోండ్రి."

"నడుం పట్టేసింది బిడ్డా. నీ పెళ్లికి అరిసెలు వత్తీ వత్తీ ఇట్లయింది. కూసుంటే మళ్ల లేవలేను."

"కోడలితోని వత్తియ్యకపోయినవా?" అంది వెనక సీట్లోంచి శోభారాణి. ఈ ప్రయాణాలకు పెద్ద దిక్కు ఆమే.

"కొత్త పిల్లతోని పని చేయిస్తే నువ్వు నన్ను బతకనిస్తవా?"

బస్సంతా నవ్వింది. అంతలో చక్రం గుంతలో పడింది. మరియమ్మ ముఖం ఒక్కసారిగా పాలిపోవడం ప్రీతి ఒక్కతే చూసింది.

కట్ట మీద గాలి లేదు. మబ్బు కమ్మి నీళ్లు సీసం రంగుకు తిరిగాయి. కేక్ మీద కొవ్వొత్తి వెలిగించడానికి ప్రీతి అత్తగారి సంచిలో అగ్గిపెట్టె వెతికింది. మడతపెట్టిన డాక్టరు చీటీ చేతికొచ్చింది. వెన్నెముకకు స్కాన్. వెంటనే అని రాసి, కింద రెండు గీతలు. తేదీ చూస్తే పెళ్లికి తొమ్మిది రోజుల ముందుది.

అత్తగారు రోజూ గోడకానుకుని నిలబడే చాయ్ తాగుతుంది. ప్రీతి అది నటించి చూపించి కిరణ్‌ను నవ్వించేది. ఇప్పుడు ఆ చీటీని మళ్లీ మొదటినుంచి చదివింది.

మరియమ్మ వచ్చి చీటీ తీసుకుంది. "పెళ్లి ఆగుతదని చెప్పలే. ఇగ ఈ ఒక్కదినం. సోమవారం పోదాం."

"స్కాన్ కాకుండనే సాక్ష్యం ఎట్ల చెప్తరు?"

"తెల్వకుంట చెప్తే అబద్ధమెట్లయితది? తెలిసినంక చెప్తే అబద్ధం. అగో, ఆ పిల్లను చూడు. రెండో కీమో. నా మాట ఇనేటందుకే వచ్చింది."

తలకు చున్నీ చుట్టుకున్న లావణ్య ముందు వరుసలో ఫోన్ పట్టుకుని రికార్డు చేయడానికి సిద్ధంగా ఉంది.

చప్పట్ల మధ్య మరియమ్మ నిలబడింది. "నా ప్రభువు నన్ను పూర్తిగా..."

"అంటే ఇగ మళ్ల రాదు కదా పెద్దమ్మా?" లావణ్య ఉండబట్టలేక అడిగేసింది.

మరియమ్మ లావణ్యను చూసింది, ప్రీతిని చూసింది.

"అయిదేండ్లు నిలబెట్టిండు బిడ్డా. గంతవరకే చెప్త. స్కాన్ రాసిండ్రు. నేనే భయపడి తీయించుకోలే. నువ్వట్ల చెయ్యకు."

అలవాటుగా ఎవరో రెండు చప్పట్లు కొట్టి ఆపేశారు. లావణ్య ఫోన్ దించింది. ప్రీతి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ఈసారి మరియమ్మ కాదనలేదు. బరువు దించుకున్నదానిలా కూర్చుని, కోడలు కలిపిన నాలుగు ముద్దలు తిన్నది కూడా.

బస్సు హారన్ కొట్టింది. అందరూ లేచారు.

"అత్తమ్మా, పోదాం పాండ్రి."

మరియమ్మ కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది. మళ్లీ వంగింది. "చెప్పిన కదనే, కూసుంటే లేవలేనని," అని నవ్వబోయి, గొంతు తగ్గించింది. "కాళ్లు నాయి కానట్టున్నయి బిడ్డా."

అందరికన్నా ముందు లావణ్యే వచ్చి ఒక భుజం కింద చెయ్యి వేసింది. రెండో భుజం ప్రీతి పట్టుకుంది.

"సీదా ఇంటికేనా?" అన్నాడు డ్రైవరు.

"దవాఖానకు. ఇప్పుడే," అంది ప్రీతి.

మోసుకుపోతుంటే మరియమ్మ ఎడమకాలి చెప్పు జారి కట్ట మీద పడింది. ఆమెకు తెలియలేదు.