తేలికపాటి తుపాకీకి తగిన తూటా

2024 నవంబరు 18, కార్తీకమాసంలో మూడో సోమవారం. స్థలం హనుమకొండలో కిషన్ రావు గారి ఆయుధాల దుకాణం. హాజరైనవారు దుకాణం యజమాని కిషన్ రావు, నా భర్త చంద్రమౌళి, మరిది శ్యాంసుందర్. నేను కూడా ఉన్నాను. రివాల్వర్ లైసెన్సు నా పేరున ఉంది కనుక నేను లేకుండా పని జరగదని వెంట తీసుకొచ్చారు.

బయలుదేరేముందు అత్తమ్మకు పక్కగుడ్డలు మార్చి, వీపు తుడిచి పౌడరు రాసి, రాగిజావ తాగించి, పక్కింటి సమ్మమ్మను వచ్చి గంటసేపు కూర్చోమని బతిమాలుకున్నాను. అన్నదమ్ములిద్దరికీ ఉప్మా పెట్టాను. నేను తినలేదు, ఉపవాసం. ఆ ఉపవాసం నాది కాదు, అత్తమ్మది. మంచాన పడిన ఏడాదే ఆమె ఒక ఏర్పాటు చేసింది. "నాతోని ఐతలేదు బిడ్డా, నా బదులు నువ్వుండు. మొక్కు నా పేరు మీదనే చెప్పు, పుణ్యం నాకొస్తది" అంది. అప్పటినుంచి ఆమె కార్తీక సోమవారాలు నా కడుపులో గడుస్తున్నాయి. ఇందులో నాకు కొత్తగా తోచిందేమీ లేదు. శ్యాంసుందర్ కోచింగ్ సెంటరులో పిల్లలకు అమ్మే ఫిజిక్స్ నోట్సు నేను రాసిందే, అట్ట మీద పేరు అతనిది. ఇంటి పునాది నుంచి స్లాబు దాకా కూలివాళ్ళకు టీ కాచి, ఇటుకలకు నీళ్ళు పెట్టిందాన్ని నేను, గేటు మీద పేరు పలక నా భర్తది. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వదిలి అత్తమ్మ మంచం పక్కకు చేరినప్పుడు, "మా అమ్మను మేం మంచిగ చూసుకుంటున్నం" అని ఆయన బంధువులందరికీ ఫోన్లో చెప్పుకున్నాడు. పని నాది, పేరు వాళ్ళది. ఇంత కాలానికి ఒక్క వస్తువు విషయంలోనే ఇది తలకిందులైంది.

అది ఎట్లా జరిగిందో చెప్పాలి. రఘునాథపల్లి దగ్గర హైవేకు ఆనుకొని నా భర్త ప్లాట్లు చేస్తున్న భూమి ఉంది. దాని గట్టు మీద పక్క చేను రైతు రాయమల్లుతో తగాదా. ఒకరోజు అది తోపులాట దాకా పోయి నా భర్త మీద కేసు నమోదైంది. ఆ కేసు వల్లనే ఆయన పెట్టుకున్న లైసెన్సు దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ రాత్రి అన్నం దగ్గర శ్యాంసుందర్ ఉపాయం చెప్పాడు. "వదిన పేరు మీద పెడుదామన్నా. ఆడోళ్ళకు జల్ది ఇస్తరు. పేరు వదినది, పని మనది." ఇద్దరూ నవ్వారు. నేను చారు వడ్డిస్తున్నాను. ఒంటరిగా ఇంట్లో ఉంటుందని, ముసలావిడను చూసుకుంటుందని, ఊరి చివరి ఇల్లని నా గురించి ఆయన దరఖాస్తులో రాసినవన్నీ నిజాలే. నా జీవితాన్ని ఆయన అంత శ్రద్ధగా వర్ణించడం అదే మొదటిసారి.

లైసెన్సు రావాలంటే శిక్షణ తీసుకోవాలన్నారు. అది మాత్రం నా బదులు ఎవరూ పోలేకపోయారు. అక్కడ నేర్పిన సౌమ్య నా పాత విద్యార్థినుల ఈడు పిల్ల. చిన్న రివాల్వర్‌ను నా చేతికిచ్చి ముందు బరువైన తూటాలు వేయించింది. మొదటి దెబ్బకే బొటనవేలి సందులో తోలు లేచింది. రెండోది లక్ష్యం బదులు ఆకాశంలోకి పోయింది. తర్వాత తేలికపాటివి వేయించింది. ఐదూ కాగితం మీద ఒక పళ్ళెమంత చోటులో తగిలాయి. "మొదటి గుండు ఎవలన్న కాలుస్తరు అక్కా. రెండోదానికి చెయ్యి ఆగాలె. గుండ్లు ఎంచుకునేది చెయ్యి, నోరు గాదు" అంది. ఇంటికొచ్చి చేతికి పసుపు పెట్టుకుంటుంటే నా భర్త చూసి, "నీకు బెండకాయలు కోసే కత్తే ఎక్కువ" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

దుకాణంలో కిషన్ రావు గారు డబ్బా తెరిచి రివాల్వర్‌ను బల్ల మీది పచ్చబట్ట మీద పెట్టారు. అరకిలో బరువు ఉంటుందేమో. ఐదు తూటాలు పట్టే సిలిండరు, రెండంగుళాల మొండి గొట్టం. నా భర్త దాన్ని తీసుకొని అరచేతిలో తూచాడు. మరిది తీసుకొని గోడమీది క్యాలెండరుకు గురిపెట్టాడు. మళ్ళీ పచ్చబట్ట మీదికి వచ్చింది. నా దాకా రాలేదు.

కిషన్ రావు గారు మూడు పెట్టెలు వరుసగా పెట్టారు. ఒకటి గుండ్రటి మొనతో మామూలు సీసం తూటాలు. రెండోది రాగి తొడుగు వేసిన బరువైనవి. మూడోది మొన చదునుగా కోసినట్టున్న తేలికపాటివి.

"గట్టియి ఇయ్యండి" అన్నాడు నా భర్త, రెండో పెట్టె మీద వేలు పెట్టి. "తగిల్తె మళ్ళ లేవొద్దు."

"బర్రెను గొట్టినా పడాలె" అన్నాడు శ్యాంసుందర్.

"బర్రెను ఎందుకు కొడ్తవ్ తమ్మీ, పాలియ్యకుంటనా?" అని కిషన్ రావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "సార్, ఇది జర హల్కా తుపాకి. దీంట్ల భారీ రౌండ్లు ఏస్తే చెయ్యి గుంజి పడేస్తది. ఇంకోటి, మూడు నాలుగు పేలినంక ఆ అదురుకు మిగిలిన తూటా గుండు ఇత్తడి ఖోకాలకెళ్ళి ముందుకు జరుగుతది. సిలిండర్ పట్టేస్తది. అవసరమున్నప్పుడే పనిచెయ్యది. పొట్టి గొట్టం గాబట్టి బరువుతోని వచ్చే ఫాయిదా గూడ అంత ఉండది."

ద్రవ్యవేగ నిత్యత్వ నియమం కింద ఈ లెక్కను నేను ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద చేయించాను. తూటా బరువు పెరిగి తుపాకీ బరువు తగ్గినకొద్దీ వెనక్కి తన్నే వేగం పెరుగుతుంది. తేలికగా ఉన్నదే ఎక్కువ తన్ను తింటుంది. దీన్నుంచి నీతి తీయడం నాకిష్టం లేదు, ప్రకృతి నియమాలు ఎవరి కాపురం గురించీ రాసినవి కావు. ఆ లెక్క తెలిసిన మనిషి బల్లకు ఇవతల నిలబడి ఉండగా దాన్ని ఆ ముగ్గురూ తమలో తాము మాట్లాడుకుంటున్నారన్నది మాత్రం గమనించాను. ఖాళీ కడుపులో నొప్పి మొదలైంది. కుర్చీ ఒకటే ఉంది, దాని మీద మరిది హెల్మెట్టు ఉంది.

"ఏం గాదు, మేం గట్టిగ పడ్తం. బేస్తారం సర్వే ఉన్నది, అప్పటికి చేతికి రావాలె" అన్నాడు నా భర్త.

గురువారం రఘునాథపల్లిలో గట్టు సర్వే. అప్పటిదాకా తూటాల గురించి నాలో ఉన్న ఆలోచనలన్నీ ఒక్కసారి ఒక మనిషి చుట్టూ చేరాయి. తగాదా ముదరకముందు రాయమల్లు రెండుసార్లు మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. మక్క కంకులు తెచ్చాడు. "సారుకు జర మీరన్న చెప్పుండ్రమ్మా. మా నాయిన పెట్టిన రాయి అది, నేను జరిపింది గాదు" అన్నాడు. నేను చెప్పాను. "నీకెందుకు ఈ లొల్లి, అమ్మకు మందేసినవా?" అని జవాబు వచ్చింది. కంకులు ఉడకబెట్టి పెడితే నా భర్తే తిన్నాడు. ఇప్పుడు తగిలితే లేవకూడనిది ఆ రాయమల్లు. ఆయనకు ఎంత బరువు సరిపోతుందో ఇక్కడ బేరమాడుతున్నారు. గురువారం ఏదైనా జరిగితే కాగితం మీద ఉండేది నా పేరు. ఏమీ జరగకపోయినా, ఆ మొండి గొట్టం చూసి ఆయన తన తండ్రి పాతిన రాయిని వదిలి పక్కకు జరిగితే అది కూడా నా పేరు మీదనే జరుగుతుంది.

కిషన్ రావు గారు రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పారు. నా భర్త పెన్ను మూత తీసి ఇచ్చాడు. "సంతకం పెట్టు, జల్ది పోదాం. వేయిస్తంభాల గుడికాడ ట్రాఫిక్ జామున్నది. అమ్మకు గోలీ టైమైతాంది."

పెన్ను పట్టుకున్నాను. ఇంకొక్క మాట అడగాలనిపించింది. "కిషన్ రావు గారూ, ఈ బరువువి ప్లైవుడు తడికను దాటుతాయా? మా హాలుకూ మా అత్తమ్మ గదికీ మధ్య గోడ లేదు, తడికే ఉన్నది."

ఆయన మొదటిసారి నా ముఖం చూశారు. "దాటుతయి మేడమ్. దాటి అవతల మంచమున్నా ఆగయి. ఇంట్ల వాడుకునేటట్టయితే నేను ఇవి తీస్కోమని చెప్ప."

"ఇంట్ల ఎవలు కాలుస్తరు?" నా భర్త విసుక్కున్నాడు. "అది కార్ల ఉంటది. నాతోని."

శ్యాంసుందర్ అన్న మోచేయి పట్టుకున్నాడు, ఆలస్యంగా. కిషన్ రావు గారు రెండో పెట్టెకు మూత పెట్టారు. "సార్, ఆ మాట నేను ఇనలే. లైసెన్స్ మేడమ్‌ది. మేడమ్ కాడనే ఉండాలె. రేపేమన్నయితే నా దుకాణం గూడ పోతది."

"అందరు గిట్లనే చేస్తరు సేటూ" అన్నాడు మరిది, నవ్వు తెచ్చుకొని. "వదినకు పుస్తకమిస్తే బువ్వ గూడ యాదికుండది. గిదేం చేసుకుంటది?"

కోపం వచ్చిందని చెప్పలేను. కోపానికి కావలసిన ఓపిక పొద్దున పక్కగుడ్డలు మార్చేటప్పుడే అయిపోయింది. వచ్చింది అలసటే, అడుగు దాకా పోయిన అలసట. అక్కడ ఒక సౌకర్యం ఉందని నాకు అంతకుముందు తెలియదు. అక్కడ నిలబడినవాళ్ళకు ఇతరుల ముఖాలు చూడాలన్న అవసరం ఉండదు.

చేయి చాపి రివాల్వర్ తీసుకున్నాను. సౌమ్య చెప్పినట్టు గొట్టం నేల వైపు పెట్టి, సిలిండరు పక్కకు తీసి, ఐదు గదులూ ఖాళీగా ఉన్నాయని వేలితో తడిమి చూశాను. "మూడో పెట్టె ఇవ్వండి" అన్నాను. "మొన చదునువి. నా చెయ్యి వీటికే ఆగుతది."

"వినోదా" అన్నాడు నా భర్త. పేరు పెట్టి పిలిచి చాలా రోజులైంది.

"మొన్న ఎండాకాలం ఎలక్షన్లప్పుడు లైసెన్సు ఉన్నవాళ్ళు తుపాకులు తెచ్చి జమ చేసిండ్రట కదా" అని కిషన్ రావు గారిని అడిగాను.

"అవు మేడమ్. కొందరు ఠాణల, కొందరు నా కాడ."

"ఎలక్షన్లు లేకున్నా జమ చేయొచ్చా?"

ఆయన మెల్లగా, "చెయ్యొచ్చు. సేఫ్ కస్టడీ అంటరు. రివాల్వర్, రౌండ్లు రెండూ నా బీరువల సీలేసి పెడ్త. చీటీ ఎవల పేరు మీదున్నదో వాళ్ళే స్వయంగ రావాలె. మొగడొచ్చినా ఇయ్య, మంత్రి ఫోన్ జేసినా ఇయ్య" అన్నారు.

"ఐతే పెట్టుండ్రి."

"పిచ్చిలేసిందా?" నా భర్త గొంతు తగ్గించాడు, బయట జనం ఉన్నారని. "ఇంత తిరిగి తెచ్చింది ఈడ పెట్టనీకా? నా మీద నమ్మకం లేదా నీకు?"

"లైసెన్సు నాది కదా" అన్నాను. ఇంకా చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ఏదీ ఈ మాటకన్నా పొట్టిగా లేదు.

"ఇంటికి రా, అమ్మతోని చెప్తా" అన్నాడు శ్యాంసుందర్. అత్తమ్మ ఏమంటుందో నాకు తెలుసు. చదువుకున్న కోడలు ఇంట్లో కరెంటు లాంటిదనీ, ఉన్నన్ని రోజులు ఎవరికీ యాదికుండదనీ, పోయిన్నాడే అందరూ కేకలు పెడతారనీ ఆమె ఎప్పుడో తిట్టింది. తిట్టుగానే తిట్టింది గాని, ఇంట్లో నా గురించి సరిగా గమనించింది ఆమె ఒక్కతే.

కిషన్ రావు గారు తన తుండుగుడ్డతో కుర్చీ తుడిచి, హెల్మెట్టు తీసి బల్ల మీద పెట్టి, "కూసోండి మేడమ్" అన్నారు. కూర్చున్నాను. ఆయన రివాల్వర్ నంబరు, తూటాల రకం, సంఖ్య రాసి, గుడ్డసంచిలో పెట్టి లక్క కరిగించి ముద్ర వేశారు. టీ ఉందా అని అడిగాను. ఆయన ఫ్లాస్కులోంచి పోసిచ్చారు. అత్తమ్మ మూడో సోమవారం ఉపవాసం ఆ పింగాణీ కప్పులో ముగిసింది. నా భర్త చూశాడు. ఆయన ఆలోచన గురువారం మీద ఉంది. సర్వేకు ఇక ఉత్త చేతులతో పోవాలి. రాయమల్లు కూడా ఉత్త చేతులతోనే వస్తాడు. గట్టు ఎవరిదో సర్వేవాళ్ళ కొలత గొలుసు చెబుతుంది.

చీటీ మొత్తం చదివాను. ఒకచోట నా పేరు ముందు 'చంద్రమౌళి భార్య' అని ఉంది. అది అక్కడ ఉండాల్సిందేనా అని అడిగాను. అవసరం లేదన్నారు, కొట్టేసి పొట్టి సంతకం చేశారు. దాని కింద నేను తెలుగులో నా పూర్తి పేరు రాశాను. ఆరనిచ్చి, నాలుగు మడతలు పెట్టి, నా కళ్ళజోడు పెట్టెలో అద్దాలు తుడిచే గుడ్డ కింద పెట్టి మూత వేశాను. ఆ ఇంట్లో నా కళ్ళజోడుతో ఎవరికీ ఎన్నడూ పని పడలేదు.