చప్పుడు లేని పంపు

కోడలు చప్పుడు చెయ్యని పంపు కోసం వెతుకుతోందని తెలిసిన రోజే అత్తగారికి అనుమానం పుట్టింది.

ఆరేళ్ళ కిందట ఆ అమ్మాయి ఈ ఇంటికి వస్తూ వస్తూ మనిషంత పొడుగున్న చేపల తొట్టిని వెంట తెచ్చుకుంది. హాల్లో గోడ పొడుగునా పెట్టించింది. దాని కింద చెక్క అరలో ఇంకో చిన్న తొట్టి. పైనుంచి పొర్లిన నీళ్ళు గొట్టంలోంచి కిందికి దిగి, అక్కడ శుభ్రపడి, పంపు తోస్తే మళ్ళీ పైకి వెళ్ళాలి. ఆ పంపు రోజంతా గుర్రుమంటూనే ఉంటుంది. మొదటి నెలంతా అత్తగారు తలనొప్పి మాత్రలు మింగుతూ మొత్తుకుంది. "అలవాటైపోతుంది అత్తయ్యా," అని నవ్వేసింది కోడలు. నిజంగానే అలవాటైపోయింది. మరి ఆరేళ్ళుగా లేని బాధ ఇప్పుడెందుకు వచ్చినట్టు?

జవాబు అత్తగారి దగ్గర సిద్ధంగానే ఉంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. ఊరందరి మాటలూ కలిపింది, కొన్ని విన్నది కూడా. వినకూడదనే నియమాన్ని గోడకు అంటించేవారు, ఆపరేటర్లేమో సరిగ్గా దాని కిందే కూర్చుని వినేవారు. ఇంకొకళ్ళ మాటలు దొంగచాటుగా వినాలనుకున్నవాళ్ళు ముందు చేసే పని పక్కనున్న చప్పుడు తగ్గించుకోవడం. ఫ్యాను ఆపుతారు, కిటికీ మూస్తారు, కుర్చీ కిర్రుమనకుండా సర్దుకుంటారు. పంపు మార్చడమూ ఆ బాపతే.

అంతగా వినడానికి ఈ ఇంట్లో ఏముందంటారా? ఉంది.

నెల కిందట అత్తగారు బాత్రూంలో కాలు జారి పడింది. పడుతూ పడుతూ తువ్వాళ్ళు వేసుకునే కడ్డీ పట్టుకుంటే అది కాస్తా వంగిపోయింది. మోచెయ్యి చితికినంత పనయింది, నడుం లేవనివ్వలేదు. "అమ్మాయ్," అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. మూడోసారి గొంతు చించుకుని పిలిచింది. కోడలు హాల్లోనే ఉంది, గట్టిగా పదిహేను అడుగుల దూరం, తొట్టి అద్దం తుడుచుకుంటోంది. రాలేదు. బకెట్టు ఆసరాతో ఎలాగో లేచి, బట్టలు సర్దుకుని బయటికి వస్తే ఆ పిల్ల వెనక్కి తిరిగి, "కాఫీ కలపనా అత్తయ్యా?" అంది, ఏమీ ఎరగనట్టు. మర్నాడు మోచెయ్యి కమిలిపోయి ఉండటం చూసి కోడలు ఏమైందని అడిగితే తలుపు తగిలిందని చెప్పింది అత్తగారు. విని కూడా రాని మనిషితో చెప్పుకునేదేముంది?

చెప్పుకున్నది ఒక్క చెల్లెలితోనే. అది కూడా రోజూ బాత్రూంలో గడియ పెట్టుకుని, ఫోను చెవికి నొక్కుకుని. "మూడుసార్లు పిలిచానే. ఒకటి కాదు, రెండు కాదు," అని చెప్పిన ప్రతిసారీ ఆవిడకు కొత్తగా ఏడుపొచ్చేది. "ఇంకా అక్కడ ఎందుకక్కా? నా దగ్గరికి వచ్చెయ్. శనివారం మా ఆయన్ని కారిచ్చి పంపిస్తా," అంది చెల్లెలు. మంచం కింద పెట్టె సగం సర్దడం కూడా అయింది. కొడుక్కి చెప్పలేదు. చెబితే వాడు, "నీకలా అనిపించిందేమోనమ్మా," అంటాడు. అనిపించడమనే మాట వింటేనే ఆవిడకు ఒళ్ళుమంట.

మంగళవారం ఇంకో విచిత్రం జరిగింది. మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి బాత్రూం తలుపు మూసి ఉంది, లోపల ఎవరో మగమనిషి గొంతు. తోసి చూస్తే ఎవరూ లేరు. సబ్బు పెట్టుకునే అరలో కోడలి ఫోను, అందులో ఎవరో వార్తలు చదువుతున్నాడు. కోడలేమో హాల్లో తొట్టి పక్కన కళ్ళు మూసుకుని, తల ఒకవైపు వాల్చి నిలబడి ఉంది. అత్తగారిని చూసి ఉలిక్కిపడింది.

"ఏం లేదత్తయ్యా. ఫోను అక్కడ మర్చిపోయాను."

ఫోను మర్చిపోయినవాళ్ళు వెతుక్కుంటారు గాని కళ్ళు మూసుకుని నిలబడరు. అత్తగారు గదిలోకి పోయి పెట్టెలో ఇంకో రెండు చీరలు పెట్టింది.

గురువారం కోడలు కళ్ళజోళ్ళ షాపులో డ్యూటీ ముగించుకుని వచ్చి చేపల షాపుకి బయల్దేరుతుంటే, "నేనూ వస్తాను," అంది అత్తగారు. కోడలు తెల్లబోయింది. ఆరేళ్ళలో ఆవిడ ఆ తొట్టిలోకి తొంగిచూసింది కూడా తక్కువే.

షాపాయన మోచేతులదాకా తడిసిన మనిషి. ఒక్కొక్క పంపునీ నీళ్ళ బకెట్టులో దింపి ఆడించి చూపించాడు. మొదటిది కందిరీగలా రొద పెట్టింది. రెండోది చప్పుడు చెయ్యలేదు గాని, కరెంటు తీసి మళ్ళీ ఇస్తే మొరాయించి కూర్చుంది.

"ఇది వద్దండీ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయొచ్చిందంటే నా చేపల గతేంటి?" అంది కోడలు.

"అయితే ఇది చూడమ్మా. గంటకి ఇన్ని లీటర్లని పెట్టె మీద రాసిన లెక్క నమ్మొద్దు, నీళ్ళు నాలుగడుగులు పైకెక్కేసరికి అందులో సగమే మిగులుద్ది. అందుకే ఒక సైజు పెద్దది తీసుకుని తక్కువ స్పీడులో పెట్టుకో. తాపీగా నడిచేవాడికి రొప్పు రాదు కదా. ఇంకో మాట, గోలంతా పంపుదే కాదు. మీ పాత గొట్టం గట్టిదయి ఉంటుంది, అది చెక్కకి ఆనుకుని చెక్కంతా మోగుతుంది. మెత్తటి గొట్టం వేసి, పంపు కింద స్పాంజి ముక్క పెట్టు."

అత్తగారు వాళ్ళకి వీపు పెట్టి ఎర్రచేపలను చూస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించింది. కోడలు గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతులను పట్టుకోవడంలో అత్తగారిది ముప్ఫై ఏళ్ళ అనుభవమని పాపం ఆ పిల్లకు తోచలేదు.

"బాత్రూంలో తలుపేసుకుని మామూలుగా మాట్లాడినా హాల్లోకి వినపడాలండీ. నాకు అదే ముఖ్యం. మిగతావన్నీ దాని తర్వాతే."

ఇన్నాళ్ళూ అనుమానం అనుమానంగానే ఉండి ఉంటే బాగుండేదని అత్తగారికి అనిపించింది. కోడలు తన నోటితోనే ఒప్పుకున్నాక ఇంకేముంది.

శుక్రవారం కోడలు సెలవు పెట్టి, అరలోకి నడుందాకా దూరి, పాత పంపు పీకేసి కొత్తది బిగించింది. స్విచ్చి వేసింది. నీళ్ళు పైకెక్కుతున్నాయి గాని ఇల్లు మాత్రం నిశ్శబ్దం. గోడ గడియారం చప్పుడు వినపడింది. పైవాటా వాళ్ళు మెట్లు దిగడం వినపడింది. ఇక పెట్టె జిప్పు లాగినా హాల్లోకి తెలిసిపోతుందని అత్తగారికి అర్థమైంది.

వెళ్ళేముందు దొంగను పట్టుకునే వెళ్ళాలని పంతం పట్టింది. ఎక్స్ఛేంజిలో ఎవరైనా దొంగచాటుగా వింటున్నారని తోస్తే, లైన్లో కావాలని ఒక అబద్ధం వదిలి, అది ఎక్కడ తేలుతుందో చూసేవారు. ఆవిడ తన పౌడరు డబ్బా మూత మీద, ఎవరైనా తీస్తే జారిపోయేలా, ఒక తెల్ల వెంట్రుక అడ్డంగా పెట్టింది. తర్వాత బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని, ఆపేసి ఉన్న ఫోను చెవికి ఆనించి, మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

"ఏమే, వింటున్నావా? లాకరు తాళంచెవి ఎక్కడ పెట్టానో చెబుతా విను. నా పౌడరు డబ్బాలో..."

మాట పూర్తి కాలేదు. హాల్లో ఏదో కిందపడిన చప్పుడు, ఆ వెంటనే పరుగు. తలుపు దబదబా మోగింది.

"అత్తయ్యా, పిలిచారా? పడ్డారా? తలుపు తియ్యండత్తయ్యా."

అత్తగారు తలుపు తీసింది. కోడలు ఎదురుగా నిలబడి ఉంది. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక కాలికే చెప్పుంది, ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

ముప్ఫై ఏళ్ళలో దొంగచాటుగా విన్నవాళ్ళను అత్తగారు ఎందరినో చూసింది. వాళ్ళంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళే. పిలిచారా అంటూ పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

"లేదు... ఫోన్లో మాట్లాడుతున్నా," అని నీళ్ళు నమిలింది.

కోడలు గడప మీద కూలబడింది. వంగిన కడ్డీ వైపు చూస్తూ కాసేపు ఊపిరి తీసుకుంది.

"మీ మోచెయ్యి చూసిన రోజే ఆ కడ్డీ కూడా చూశాను. తలుపు తగిలితే అది వంగదుగా అత్తయ్యా. ఆ ముందురోజంతా నేను హాల్లోనే ఉన్నాను. మీరు పిలవకుండా ఎందుకుంటారు? మొన్న ఇక్కడ ఫోను పెట్టి, వార్తలు పెట్టి, హాల్లో నిలబడి చూశాను. పంపు తిరుగుతుంటే సౌండు ఎంత పెంచినా ఒక్క ముక్క వినపడలేదు. మిమ్మల్ని అడుగుదామంటే ధైర్యం చాల్లేదు. మీరే తలుపన్నారు కదా."

అత్తగారికి సిగ్గేసింది. ఆ పిల్ల తల మీద చెయ్యి వెయ్యాలనిపించింది, చెయ్యి లేవలేదు.

"ఎన్నిసార్లు పిలిచారత్తయ్యా?"

నెల రోజులుగా నాలుక చివరే కూర్చున్న లెక్క అది. చెల్లెలికి ఎన్నిసార్లు అప్పజెప్పిందో.

"ఒక్కసారే అనుకుంటా," అంది అత్తగారు. "అదీ గట్టిగా ఏం కాదు. నేనే లేచి వచ్చేశాగా."

"నిజంగా?"

"నిజంగానే. ముందు లే, నేలంతా తడి. నువ్వు జారితే నేను ఎత్తలేను."

కోడలు కళ్ళు తుడుచుకుని లేచి, మళ్ళీ తొట్టి దగ్గరికి పోయి అద్దం తుడవడం మొదలుపెట్టింది. అత్తగారు ఫోను ఆన్ చేసుకుంటూ హాల్లోకి వచ్చి కూర్చుంది. చెయ్యగానే చెల్లెలి నుంచి ఫోను.

"రేపు ఎన్నింటికి పంపించనక్కా?"

"వద్దులేవే. రావద్దని చెప్పు మీ ఆయనకి."

"అదేంటి? పడిపోయి మూడుసార్లు పిలిస్తే పలకని మనిషి దగ్గర..."

చెల్లెలిది ముందునుంచీ పెద్ద గొంతు. అత్తగారు ఫోనును అరచేత్తో గట్టిగా మూసేసింది గాని, అప్పటికే ఆలస్యమైంది. చప్పుడన్నదే లేని ఆ హాల్లో ప్రతి అక్షరం వినపడింది. ఆ పాత పంపు ఉండి ఉంటే ఎంత బాగుండేదని జీవితంలో మొదటిసారి అనుకుంది.

అద్దం మీద కోడలి చెయ్యి ఆగిపోయింది. తర్వాత మళ్ళీ మెల్లగా కదిలింది. ఉన్న చోటే రెండుసార్లు తుడిచి, గుడ్డ పిండి ఆరేసి, ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"కాఫీ కలపనా అత్తయ్యా?" అంది, ఏమీ విననట్టు.

"కలుపమ్మా," అంది అత్తగారు.