పలుకుతోంది కదమ్మా

దూదిని స్పిరిట్‌లో ముంచి టేపు యంత్రం హెడ్డు తుడుస్తోంది టేపులమ్మ. ఆ గ్రంథాలయంలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, స్పిరిట్ వాసన వదలని వేళ్ళు. పొద్దున్నే కింది గది తాళం తీసి, బీరువాలకి కాస్త గాలాడనిచ్చి, వచ్చినవాళ్ళు అడిగిన టేపు ఎక్కించి హెడ్‌ఫోన్లు అందిస్తుంది. చేరిన దగ్గర్నుంచీ ఇదే గది, ఇదే బల్ల.

చివరి బీరువా కింది అరలో, చక్రానికి చుట్టిన ఒక స్పూలు టేపుంది. అందులో వాళ్ళమ్మ ఉంది. పాటలు పోగుచేసే ఒక పండితుడు ఎప్పుడో వచ్చి, ఆమెచేత జోలపాట పాడించుకుని పోయాడట. పాట మధ్యలో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. అమ్మ పాట ఆపి, "ఉండవే నా తల్లీ, అయిపోవచ్చింది" అంటుంది. ఆ చంటిపిల్ల టేపులమ్మే. పిల్లకి నడక రాకముందే తల్లి పోయింది. ఫొటో లేదు, కట్టి విడిచిన గుడ్డ లేదు. లోకంలో అమ్మ మిగిలింది ఆ ఒక్క మాటలోనే.

ఆ టేపు పెళుసెక్కిపోయింది. తిప్పినప్పుడల్లా గోధుమరంగు పొడి రాలుతోంది. కాపీ తీసుకుంటానని ఆమె అడగని రోజు లేదు. కానీ రూలొకటి ఏడ్చిందిగా! హక్కుదారు ఒప్పుకోవాలి, లేదా టేపు పాడైపోవాలి. హక్కుదారంటే పాడినావిడ కాదు, యంత్రం మోసుకొచ్చినాయన. ఆయనా పోయాడు, వారసులెవరో ఆ దేవుడికే తెలియాలి. పోనీ టేపు పాడవుతోంది చూడండి అంటే, "పలుకుతోంది కదమ్మా" అంటాడు పెద్ద లైబ్రేరియను. ఊపిరుండగా వైద్యం కూడదు, పోయాక వచ్చి నాడి పట్టుకోవచ్చు! ఎవడు రాశాడో గానీ వాడి చెయ్యి పడిపోను.

తాళం నీ దగ్గరే ఉందిగా, ఎవరూ చూడకుండా కాపీ తీసేసుకోరాదూ అన్నాడు మొగుడు.

"మా అమ్మని నేను దొంగతనం చేయాలా?" అందామె.

అరిగిపోతుందన్న భయంతో తను వినడం మానేసింది. వేరేవాళ్ళు అడిగితే మరమ్మతులో ఉందని నోటికొచ్చిన అబద్ధం చెప్పేది.

ఆమె పోరు పడలేక కాబోలు, ఆవేళ మధ్యాహ్నం పెద్ద లైబ్రేరియను ఒక అధికారిని వెంటబెట్టుకుని దిగాడు. టేపు పాడైందో లేదో పరీక్షించాలి, మొదట్నుంచీ చివరిదాకా వేయండి అన్నాడు అధికారి. టేపులమ్మ అడ్డం వచ్చింది.

"ఇంకొక్కసారి తిరిగితే పోతుంది సార్. ఆ ఒక్కసారీ పక్కన ఖాళీ క్యాసెట్టు పెట్టనివ్వండి. మీ పరీక్షా అవుతుంది, నా కాపీ నాకు దక్కుతుంది."

"పరీక్ష కాకుండా కాపీ ఎలా తీస్తామమ్మా?" అన్నాడు అధికారి, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు.

టేపు ఎక్కించింది. పాట మొదలైంది. చంటిపిల్ల ఏడ్చింది. అమ్మ పాట ఆపింది. "ఉండవే నా..."

టేపు పటుక్కున తెగింది. తిరుగుతున్న స్పూలు మిగతాదాన్ని నలిపి పొట్టుపొట్టు చేసింది. ఆమె ఆపేసరికి బల్లంతా గోధుమరంగు పొడి.

అధికారి వంగి చూసి, పాడైందని తేల్చాడు. ఇక నిక్షేపంగా కాపీ తీసుకోవచ్చని వరమిచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేగా! ఎదుటివాళ్ళ చేతులు కాలితే వీళ్ళకేం?

"దేన్ని తీయమంటారు సార్? ఈ పొడినా?" అంది టేపులమ్మ.

ఆమె ఎప్పట్లాగే దూది ముంచి హెడ్డు తుడిచింది. గోధుమరంగు అంటిన ఆ దూదిని పిడికిట్లో పెట్టుకుని, తాళాలు లైబ్రేరియను చేతికిచ్చి మెట్లెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఏనాడో ఆమె కొనిపెట్టుకున్న ఖాళీ క్యాసెట్టు బల్ల సొరుగులోనే ఉంది, పై కాగితమైనా విప్పకుండా, దానిమీద సిరాతో 'అమ్మ' అని రాసి.