నల్లంచు ముక్క

పెళ్లయిన కొత్తలో కందిరీగకి ఆ ఇంట్లో అన్నీ ముద్దొచ్చేవి. ఇద్దరి చెప్పులూ గుమ్మం పక్కన ఒకదానిమీద ఒకటి ఎక్కి పడుకుంటే ముద్దొచ్చేది. ఒకే కొక్కేనికి తన చున్నీ, అతని చొక్కా వేలాడితే ముద్దొచ్చేది. కట్టేశాక కూడా కుళాయి నుంచి ఒక చుక్క ఆగి ఆగి పడుతుంటే, "పాపం, దానికి వెళ్లాలని లేదు" అని జాలిపడేది. కందిరీగ అన్నది ముక్కుమీది కోపం చూసి మొగుడు పెట్టిన పేరు. ఆమె పనిచేసే ఆస్పత్రి మందుల కౌంటర్లో ఈ సంగతి తెలిస్తే పరువు పోతుంది. ఇంట్లో మాత్రం ఆ పేరుతో పిలవకపోతే అలుగుతుంది.

మొగుడు లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు. ఏ వస్తువు కాస్త ఒరిగి ఉన్నా అతనికి ముద్ద దిగదు. కాపురం పెట్టిన కొత్తలోనే జేబులోంచి వాలు చూసే రసమట్టం తీసి గోడ గడియారం, మంచం, ఫ్రిజ్, అన్నీ సరిచేశాడు. వంటింటి గట్టు సింకు వైపు బాగా వాలుగా ఉందని కనిపెట్టి, దానిమీద పెట్టిన కొత్త ఓవెన్‌కి ఆ వైపు కాళ్ల కింద చెక్కముక్కలు దూర్చాడు. రసమట్టాన్ని ఓవెన్ నెత్తిమీద పెట్టి, వెన్నెల చూపించినట్టు ఆమెని పిలిచాడు.

"చూడవే, బుడగ నడిమధ్యకి వచ్చేసింది!"

కందిరీగ ఆ బుడగని చూసి చప్పట్లు కొట్టింది. అంత కొత్త కాపురం మరి.

అలాంటి ఇంట్లో ఆమెకి గిట్టనిది ఒక్కటే ఉంది. అది వస్తువు కాదు, మాట.

ఆదివారం వస్తే ఆమె కేకు చేసేది. మందులు తూచే చెయ్యి కాబట్టి మైదా, వెన్న, పంచదార వేటిలోనూ రవ్వంత తేడా రానిచ్చేది కాదు. కేకు గుండ్రంగా, సమంగా, లేత బంగారు రంగులో పొంగేది. మొగుడు ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవాడు. ఆమె ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది.

"బాగుంది. చాలా బాగుంది. కానీ..."

"కానీ ఏంటి?"

"ఏం లేదులే. నాయనమ్మ నారింజ కేకులో ఇంకేదో ఉండేది."

"ఏం ఉండేది? దాల్చినచెక్కా? యాలకులా? చెబితే వేస్తా కదా!"

"అదేంటో తెలిస్తే నేనే చెప్పనా? ఆవిడ చేతిలో ఉండేది అది."

ఆవిడ ఎప్పుడో పోయింది. హాల్లో ఫోటోలోంచి రెండు పళ్ల మధ్య సందుతో నవ్వుతూ ఉంటుంది. ఫోటోలో మనిషి మీద ఏం కోపం తెచ్చుకుంటాం? కందిరీగ ఆవిడతో రాజీపడింది. దుమ్ము తుడిచేటప్పుడు, "అంత రుచిగా చేయకపోతే ఏం పోయింది నాయనమ్మా!" అని గొణిగి ఊరుకునేది. ఆమె కడుపుమంట అంతా బతికున్న మనిషి మీద.

ఆ మనిషి మొగుడి మేనత్త కూతురు. అతనికి మరదలు. వృత్తికి పళ్ల డాక్టరు. అతని నాయనమ్మే ఈమెకి అమ్మమ్మ. ఆ ముసలావిడ వంటింట్లో ముక్కాలిపీట ఎక్కి నిలబడి కేకు చేయడం నేర్చుకుంది. సొట్టపడిన ఆ పాత కేకు గిన్నె కూడా ఆమెకే దక్కింది. బంధువులంతా, "గిన్నెతో పాటు ఆవిడ చెయ్యి కూడా ఈ పిల్లకే వచ్చింది" అంటారు.

"ముందు కేకులు తినిపించి, తర్వాత పుచ్చిన పళ్లు పీకుతుంది. మంచి వ్యాపారమే" అంది కందిరీగ ఒకసారి.

మొగుడు పగలబడి నవ్వాడు. "ఈ మాట దానికి చెప్పాలి!" అని ఫోన్ తీసి అప్పటికప్పుడే చెప్పేశాడు. అవతల ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ కలిసి నవ్వుకుంటుంటే, తన జోకు తనకే ఎదురుతిరిగినట్టు అనిపించింది కందిరీగకి.

ఒక ఆదివారం పొద్దున పళ్ల డాక్టరు ఊడిపడింది. వాళ్లింట్లో ఓవెన్ పాడైందట. బావకి కేకు తినాలని ఉందట. చంకలో గుడ్డలో చుట్టిన ఆ సొట్ట గిన్నె.

"అక్కా, నీ ఓవెన్ ఒక్క పూట అప్పివ్వవా?"

"అయ్యో, దానికేం భాగ్యం! మీ ఇల్లే అనుకో" అంది కందిరీగ. నిజంగానే తన ఇల్లనుకుంటుందని ఆ క్షణంలో తోచలేదు.

పళ్ల డాక్టరు వంటింట్లోకి వెళ్లి, అడక్కుండానే కందిరీగ ఏప్రన్ తీసి కట్టుకుంది. గుడ్లు ఒంటి చేత్తో పగలగొట్టింది. పంచదార కొలవలేదు, గుప్పిట్లో పోసుకుని కాసేపు ఆలోచించి వేసింది. నారింజ తొక్కని అంత సన్నగా తురుముతుంటే వంటిల్లంతా ఘుమఘుమలాడింది. ఆ వాసనకి కందిరీగకి కూడా నోరూరింది. అందుకు తనమీద తనకే ఒళ్లుమండింది.

మొగుడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇక మొదలయ్యాయి కబుర్లు.

"బావా, గుర్తుందా? అమ్మమ్మ వంటింట్లో నారింజకాయ కింద పెడితే దానంతటదే దొర్లుకుంటూ పోయేది!"

"మర్చిపోతానా! కడిగిన నీళ్లు పోవడానికి నేలంతా తూము వైపు వాలుగా వేయించారు కదా. ఎవరి కాయ ముందు వెళ్తుందో అని పందేలు కాసేవాళ్లం."

"నువ్వు నా కాయని కాలితో ఆపేసేవాడివి, దొంగా!"

"నువ్వు ఏడ్చి, నాయనమ్మ చేత నాకు మొట్టికాయలు వేయించేదానివి!"

కందిరీగ కూడా ఏదో అనాలని నోరు తెరిచింది. తన చిన్నప్పటి నారింజకాయలు ఎక్కడికీ దొర్లలేదు. ఉన్నచోటే ఉన్నాయి. నోరు మూసుకుని, అవసరం లేకపోయినా చెంచాలు తుడవడం మొదలుపెట్టింది. తన వంటింట్లో, తన గట్టు ముందు, తను చుట్టపుచూపుగా వచ్చినట్టు నిలబడింది.

"అక్కా, ఆ గిన్నె ఇలా ఇస్తావా? జాగ్రత్త, పాతది."

జాగ్రత్తట! కందిరీగ గిన్నె అందించింది. అది పట్టుకుంటే బరువుగా, నున్నగా ఉంది. ఎంత కాదనుకున్నా ముద్దొచ్చింది. ఇంకాస్త మండింది.

పిండి గిన్నెలో పోసి ఓవెన్‌లో పెట్టాక, బావామరదళ్లు కబుర్లు ఆపకుండానే బాల్కనీలోకి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ అతను అన్నాడు. "ఇవాళ చూడు కందిరీగా, అసలైన కేకు అంటే ఏంటో తెలుస్తుంది నీకు."

అసలైన కేకు! అంటే ఇన్ని ఆదివారాలూ తను పెట్టింది ఏంటి?

వంటింట్లో కందిరీగ, ఓవెన్ మిగిలారు. బాల్కనీలోంచి నవ్వులు వినిపించాయి. ఆమె చూపు ఓవెన్ కాళ్ల మీద పడింది. సింకు వైపు రెండు చెక్కముక్కలు, బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

ఆ కేకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వంకరగా రావాలి. ఆయన దాన్ని చూసి మొహం చిట్లించాలి. వంకర అంటే అసలే గిట్టదు ఆయనకి. ఆ మొహం చూస్తే చాలు, తన కడుపు చల్లబడుతుంది.

మసిగుడ్డ చుట్టుకుని ఓవెన్‌ని మెల్లగా ఓ వైపు ఎత్తి చెక్కముక్కలు లాగేసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాటిని రెండో వైపు కాళ్ల కింద దూర్చింది. ఓవెన్ సింకు వైపు తలవంచి నిలబడింది. అద్దంలోంచి చూస్తే పిండి ఒక పక్కకి చేరుకుంటోంది.  కందిరీగకి నవ్వొచ్చింది. చేతులు కడుక్కుని బాల్కనీలోకి వెళ్లి, "ఇంకేంటి కబుర్లు?" అని ఎంతో ప్రేమగా పళ్ల డాక్టరు పక్కన కూర్చుంది.

వాసన రాగానే పళ్ల డాక్టరు లేచి లోపలికెళ్లింది. కేకు తీసింది. అక్కడే ఆగిపోయింది.

కేకు ఒక పక్క కొండలా లేచి ఉంది. రెండో పక్క అప్పడంలా పలచబడి, అంచు నల్లగా మాడింది.

"అయ్యో" అంది పళ్ల డాక్టరు సన్నగా.

"పర్లేదులే చెల్లీ. కొత్త ఓవెన్ కదా, ఎవరికైనా ఇలాగే వస్తుంది" అని ఓదార్చింది కందిరీగ. ఆ మాట నోట్లో తేనెలా ఉంది. "వంకరైతే ఏం, రుచి ఎక్కడికి పోతుంది!" అని కూడా చేర్చింది.

మొగుడు వచ్చాడు. కేకు వంక చూశాడు. మొహం చిట్లించలేదు. చెయ్యి చాచి, పలచటి వైపు నుంచి నల్లటి అంచున్న ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. కరకర నమిలాడు. నమలడం ఆపాడు. కందిరీగ ఆశగా చూసింది.

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇదే" అన్నాడు. "ఇదేనే! నల్లంచు ముక్క! నాయనమ్మ కేకులో ఈ ముక్క కోసమే కదా మనం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. ఎలా మర్చిపోయాను? కాస్త చేదు, లోపల నారింజ తీపి... డాక్టరూ, నీ చేతికి దండం పెట్టాలే తల్లీ!"

'కానీ' రాలేదు. ఎంత ఎదురుచూసినా రాలేదు. ఇన్ని ఆదివారాలు తను ఆశపడిన వాక్యం, ఆ మాట లేని వాక్యం, తన వంటింట్లో, తన ఓవెన్లోంచి, తన దొంగచేతుల్లోంచి పుట్టి, నేరుగా వెళ్లి ఆ పిల్ల ఒళ్లో పడింది.

పళ్ల డాక్టరు ఏదో ఆలోచిస్తున్నట్టు కేకునీ ఓవెన్‌నీ చూసింది. తర్వాత కందిరీగ మొహం చూసింది. "అంతా అమ్మమ్మ చలవ బావా" అంది.

ఆ సాయంత్రమంతా కందిరీగ మొగుణ్ని 'మీరు' అంది. కోపమొస్తే ఆమెకి మర్యాద ముంచుకొస్తుంది. "కాఫీ తాగుతారా? తువ్వాలు కావాలా మీకు?" అంటుంటే అతను హడలిపోయాడు.

"ఏం చేశానే నేను?"

"మీరేం చేస్తారండీ. తింటారు."

మళ్లీ ఆదివారం వచ్చింది. ఆమె చెక్కముక్కల జోలికి పోలేదు. అవి ఇంకా తను పెట్టిన చోటే ఉన్నాయి; ఆ 'మీరు'కి జడిసి మొగుడు వారమంతా వంటింటి గడప తొక్కలేదు. గిన్నె మామూలుదే. నారింజ తొక్క తురిమింది, పంచదార తూచి వేసింది. కేకు వంకరగా వచ్చింది. ఒక పక్క కొండ, ఒక పక్క నల్లటి అంచు. తీసుకెళ్లి అతని ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఇవాళ తప్పించుకోలేడు.

అతను నల్లంచు ముక్క నోట్లో వేసుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"అబ్బ! అచ్చం మరదలు చేసినట్టే ఉంది! దాని దగ్గర నేర్చుకున్నావా?"

కందిరీగ కుట్టింది.

"మరదలా! మరదలు చేసిందా దాన్ని? ఆ వంకర నాది! చెక్కముక్కలు పీకింది నేను, అటు దూర్చింది నేను, దాని కేకు పాడుచేద్దామని! మీ నాయనమ్మ చేయీ కాదు, మీ మరదలి చేయీ కాదు, నా కుళ్లుబోతుతనం అది! మీరు తింటున్నది అదే!"

 అతను ముక్క చేత్తో పట్టుకునే లేచి వంటింట్లోకి పరిగెత్తాడు. రసమట్టం తీసి ఓవెన్ మీద పెట్టాడు. బుడగ వెళ్లి ఒక మూల ముడుచుకుని కూర్చుంది. అతను దాన్ని చూశాడు, వాలిన గట్టుని చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"నేల! నాయనమ్మ వంటింటి నేల! నారింజకాయలు దొర్లే చోట ఓవెన్ మాత్రం నిటారుగా ఎలా నిలబడుతుంది? నేనే కదే చెక్కలు పెట్టి దాన్ని చంపేశాను!"

"అంటే నా కేకులో తక్కువైంది..."

"నా తెలివే ఎక్కువైంది."

నవ్వు ఆపుకోలేక మరదలికి ఫోన్ చేశాడు. కందిరీగ వద్దు వద్దంటూ చెయ్యి లాగింది గానీ, అప్పటికే అవతలి గొంతు పలికింది. అతను చెప్పడం పూర్తికాకుండానే, "ఫోన్ అక్కకివ్వు" అంది.

"అక్కా, ఆ రోజు గిన్నె తీసేటప్పుడే చూశాను. ఓవెన్ నమస్కారం పెడుతున్నట్టు ఉంది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఇన్నేళ్లుగా నేను కేకు చేస్తే బావ ఏమంటాడో తెలుసా? 'బాగుంది, కానీ...' అంటాడు. మొదటిసారి ఆ 'కానీ' పడకుండా పొగిడాడు. నాది కాదని తెలిసినా వదులుకోబుద్ధి కాలేదు."

కందిరీగ గోడకి ఆనుకుని కింద కూర్చుంది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

"వచ్చే ఆదివారం రా. ఆ గిన్నె నాకిచ్చేయ్, లెక్క సరిపోతుంది" అంది కందిరీగ.

"అక్కా, ఓవెన్ ఎన్నిసార్లయినా వంచుకో. గిన్నె మాత్రం అడక్కు" అని ఫోన్ పెట్టేసింది పళ్ల డాక్టరు.

కందిరీగ వంటింట్లోంచి తిరిగి వచ్చేసరికి పళ్లెంలో నల్లంచు ముక్కల్లో ఒక్కటే మిగిలి ఉంది. మొగుడి చెయ్యి దాని వైపు వెళ్తోంది. కందిరీగ ఆ చేతిమీద ఒక్కటిచ్చి ముక్క లాక్కుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంత గొడవలో దాన్ని తను ఒక్కసారి కూడా రుచి చూడలేదు.

కొరికింది. కరకరలాడింది. ముందు చేదు తగిలింది. ఆ వెనకే నారింజ వాసన, ఆ వెనకే తీపి, నాలుక అంతా పరుచుకుంది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ముక్కు ఎర్రబడింది.

"ఏమైందే మళ్లీ?" అన్నాడు అతను భయంగా. "నిజం చెప్తున్నా, నీ కేకు బాగుంది. అంతే. ఇంకేం లేదు."

ఆ మాట ఆమె సరిగా వినలేదు.

"చిన్నప్పుడంతా దీన్ని నువ్వొక్కడివే తిన్నావా?" అంది ఉక్రోషంగా, మిగిలిన ముక్క అతనికి అందకుండా వీపు వెనక దాచుకుంటూ.